తల్లి పొదగని గుడ్లు

కోడిపెట్టను పొదగవెయ్యటం మీలో చాలామంది చూసే ఉంటారు. గంపలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, పెట్టను దానిలో కూచోబెడతారు. అది మేతకు, నీళ్లకు తప్ప లేవదు. తన ఒంటి వేడి గుడ్లకు ఇస్తుంది. మధ్య మధ్య ముక్కుతో గుడ్లను దొర్లించి, అటువి ఇటూ ఇటువి అటూ చేస్తుంది. ఇలా 21 రోజులు గడిచేసరికి గంపలో కిచకిచలు వినిపిస్తాయి.

మరి పాముగుడ్లను ఎవరు పొదుగుతారు?

చాలా జాతులలో ఎవరూ పొదగరు. తల్లిపాము కుళ్లిన ఆకులలోనో, పుచ్చిపోయిన చెట్టుమోడులోనో, వెచ్చగా చెమ్మగా ఉండే చోటు చూసి గుడ్లు పెడుతుంది. పెట్టి తన దారిన తాను పోతుంది. తరవాత పని అంతా నేలదీ, ఎండదీను. నేల ఎండిపోతే గుడ్లు ఎండిపోతాయి. వాననీరు నిలిస్తే కుళ్లిపోతాయి. ఎవరైనా కదిపితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు.

అటువంటి గుడ్లను తీసి, ఇంట్లో ఒక పెట్టెలో పెట్టి, ఒక్కటి కూడా చెడకుండా పిల్లలను చేయించవచ్చునంటే మీరు నమ్ముతారా? అమెరికాలోనూ, ఐరోపాలోనూ పాములను పెంచేవారు ఈ పని ఏటేటా చేస్తున్నారు. అది ఎలా చేస్తారో, అందులో ఏ మెళకువకు ఏమి కారణమో తెలుసుకుందాం.

మొక్కజొన్న పాము

వారు ఎక్కువగా పెంచేది కార్న్ స్నేక్, అంటే మొక్కజొన్న పాము. దీని స్వస్థలం అమెరికా సంయుక్తరాష్ట్రాల ఆగ్నేయభాగం. ఫ్లోరిడాలో ఇది సర్వసాధారణం. స్వీడన్ దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1766 లో దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ఇది విషం లేని పాము. ఎలుకలను చుట్టుకుని, గట్టిగా బిగించి చంపి తింటుంది. ఒళ్లంతా నారింజరంగు, దానిపైన ఎర్రని మచ్చలు; పొట్ట కింద చదరంగపు బల్లలాగా నలుపు తెలుపు గళ్లు. ఆ గళ్లు అక్కడి రంగురంగుల మొక్కజొన్న గింజలను పోలి ఉండటంవల్ల ఈ పేరు వచ్చిందని కొందరంటారు. మొక్కజొన్న కొట్లలో ఎలుకల కోసం తిరగటంవల్ల వచ్చిందని మరికొందరంటారు.

ఆడపాము గుడ్లు పెట్టబోయే ముందు ఒక గుర్తు చూపుతుంది. సుమారు వారం పది రోజుల ముందు అది కుబుసం విడుస్తుంది. పెంచేవారు ఆ కుబుసం చూడగానే ఒక మూతగల డబ్బాకు పాము దూరేటంత కంత చేసి, లోపల తడి నాచు పరిచి, పాము ఉండే పెట్టెలో ఉంచుతారు. పాము దానిలోకి దూరి గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క కాన్పుకు మామూలుగా 10 నుంచి 20 గుడ్లు దాకా ఉంటాయి.

ఈ గుడ్డు కోడిగుడ్డు కాదు

కోడిగుడ్డును బల్లమీద కొడితే పగులుతుంది. పాముగుడ్డు అలా పగలదు. దాని పైపెంకు గట్టి సున్నపుపెంకు కాదు. తోలు కాగితం వంటిది. వేలితో నొక్కితే మెత్తగా లొంగుతుంది. ఆకారంలో కోలగా, తెల్లగా, ఒకటిన్నర అంగుళాల పొడవు ఉంటుంది.

ఈ మెత్తని పెంకు వల్ల ఒక లాభమూ ఉన్నది, ఒక ప్రమాదమూ ఉన్నది. కోడిగుడ్డులో పిల్లకు కావలిసిన నీరంతా మొదటినుంచీ లోపలే ఉంటుంది. పాముగుడ్డు అలా కాక, చుట్టూ ఉన్న చెమ్మను పీల్చుకుని ఉబ్బుతుంది. పెట్టిననాటి కన్న కొన్నాళ్లకు దాని బరువు పెరుగుతుంది! ఇది లాభం. చుట్టూ పొడిగా ఉంటే అదే పెంకులోనుంచి నీరు బయటికి పోయి, గుడ్డు సొట్టలు పడి ఎండిపోతుంది. ఇది ప్రమాదం.

లోపలి పిల్ల గాలి పీల్చుకునేది కూడా ఈ పెంకు గుండానే. కనక గుడ్డును తడిలో ఉంచాలి గాని నీళ్లలో ముంచరాదు. నీట మునిగిన గుడ్డుకు గాలి అందదు.

పొదుగుపెట్టె

ఇప్పుడు పెట్టె తయారుచేసే పద్ధతి చూడండి. కావలిసినవి పెద్ద వస్తువులేమీ కావు. చేపలు, ఐసు తీసుకుపోవటానికి వాడే థర్మకోల్ పెట్టె ఒకటి, లోపల పెట్టటానికి రెండు ఇటుకలు, అద్దాలతొట్టిలో చేపలు పెంచేవారు నీళ్లు వెచ్చబెట్టటానికి వాడే హీటరు ఒకటి, ఒక థర్మామీటరు, మూతగల ప్లాస్టిక్ డబ్బా ఒకటి.

థర్మకోల్ పెట్టె అడుగున ఇటుకలు పెట్టి, నాలుగైదు అంగుళాల నీరు పోస్తారు. హీటరును నీటిలో పూర్తిగా మునిగేటట్టు అమరుస్తారు. ఇటుకలమీద, నీటికి పైన, గుడ్ల డబ్బా కూచుంటుంది. హీటరు నీటిని వెచ్చబెడుతుంది, నీరు గాలిని వెచ్చబెడుతుంది. హీటరులోనే థర్మోస్టాట్ ఉంటుంది. నీరు తగినంత వేడెక్కగానే అది కరెంటును ఆపుతుంది, చల్లబడగానే మళ్లీ కలుపుతుంది. నీరూ కరెంటూ ఒకచోట చేరే పని గనక, ఇది పెద్దవాళ్లు చెయ్యవలిసిందే. పెట్టెలో చెయ్యి పెట్టేముందు వారు కూడా ప్లగ్గు తీసేస్తారు.

గుడ్ల దగ్గర వేడి 28 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. ఫారన్‌హీటులో ఇది ఎంత? 28 ని 9 తో హెచ్చించి, 5 తో భాగించి, 32 కలపండి. 82.4 వస్తుంది. థర్మామీటరును ఎక్కడ ఉంచాలన్నది ముఖ్యం. నీళ్లలో కాదు, గుడ్ల పక్కన. ఎందుచేతనంటే పైనున్న గాలి నీటికన్న కొంచెం చల్లగా ఉంటుంది. నీరు 28 చూపితే గుడ్ల దగ్గర అంతకన్న తక్కువే ఉంటుంది.

ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పెద్ద నష్టం లేదు. పిల్లలు కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి. కాని పెరిగితే ప్రమాదం. 32 డిగ్రీలు దాటితే పిల్లలు వంకరలతో పుట్టవచ్చు, లేదా గుడ్డులోనే చనిపోవచ్చు. కోడిగుడ్లు పొదిగే యంత్రంలో సుమారు 37.5 డిగ్రీల వేడి ఉంటుంది. పాముగుడ్లను అందులో పెడితే ఒక్కటి కూడా బతకదు.

గుడ్ల డబ్బాలో వర్మిక్యులైట్ అనే పదార్థం పోస్తారు. ఇది అభ్రకాన్ని పోలిన ఖనిజాన్ని వేడిచేసి పేలాలలాగా ఉబ్బించి తయారుచేస్తారు. బోలెడు నీరు పీల్చుకుని, మెల్లిమెల్లిగా వదులుతుంది. కుళ్లదు. 200 గ్రాముల వర్మిక్యులైట్‌కు 200 గ్రాముల నీరు, అంటే తూకంలో సమానంగా కలుపుతారు. కొలత సరిపోయిందో లేదో తెలియటానికి సులువైన పరీక్ష ఒకటి ఉన్నది: పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారరాదు.

అనుభవజ్ఞులు ఈ పెట్టెను గుడ్లు పెట్టకముందే వారం రోజులు నడిపి, వేడి నిలకడగా ఉన్నదని తేల్చుకుంటారు. గుడ్లు వచ్చాక తంటాలు పడితే లాభం లేదు.

అన్నిటికన్న ముఖ్యమైన మెళకువ

గుడ్లు పెట్టటం పూర్తికాగానే తల్లిని మెల్లిగా తప్పించి, గుడ్లు ఒక్కొక్కటే తీస్తారు. ప్రతి గుడ్డుమీదా, పైవైపున, మెత్తని పెన్సిలుతో చిన్న గీత పెడతారు. తరవాత వర్మిక్యులైట్‌లో బొటనవేలితో గుంటలు చేసి, గుడ్డు సగం లోపలికీ సగం పైకీ ఉండేటట్టు పడుకోబెడతారు. గీత మాత్రం పైకే ఉండాలి. పిల్ల బయటికి వచ్చేదాకా ఆ గీత పైకే ఉండాలి!

కోడిపెట్ట గుడ్లను రోజూ తిప్పుతుంది గదా, పాముగుడ్డును తిప్పితే ఏం?

ఇది మంచి ప్రశ్న. జవాబు గుడ్డు లోపల ఉన్నది. కోడిగుడ్డును పళ్లెంలో పగలగొట్టి చూడండి. పచ్చసొనకు రెండువైపులా తెల్లగా, మెలితిరిగిన రెండు తాళ్లవంటివి కనిపిస్తాయి. అవి పచ్చసొనను గుడ్డు నడుమ ఉయ్యాలలాగా పట్టుకుని ఉంటాయి. గుడ్డు ఎటు దొర్లినా, పిల్ల కాబోయే చుక్క పైకే తిరుగుతుంది. పైగా, కోడిగుడ్డును తిప్పకపోతే లోపలి పొరలు పెంకుకు అంటుకుపోతాయి. అంచేత దానిని తిప్పితేనే మంచిది.

పాముగుడ్డులో ఆ తాళ్లు లేవు. తెల్లసొన కూడా చాలా తక్కువ. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజులలో లోపలి పిండం పైభాగానికి చేరి, పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. అక్కడినుంచే దాని నెత్తురునాళాలు పెంకు పొడుగునా అల్లుకుంటాయి. ఆ తరవాత గుడ్డును తలకిందులు చేస్తే, బరువైన పచ్చసొన పిండం మీద పడుతుంది. లేత నాళాలు తెగిపోవచ్చు. పైకి గుడ్డు నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల ప్రాణం పోయి ఉండవచ్చు.

గుడ్లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని గుత్తిగా ఉంటాయి. పెట్టినప్పుడు వాటికుండే జిగురు ఆరి అలా అవుతుంది. వాటిని విడదీయటానికి ప్రయత్నించరాదు. పెంకు చిరిగిపోతుంది. గుత్తిని గుత్తిగానే పెట్టెలో ఉంచుతారు.

రెండు నెలలు ఓపిక పట్టాలి

28 డిగ్రీల దగ్గర మొక్కజొన్న పాము గుడ్లకు ఇంచుమించు 60 రోజులు పడుతుంది. జూన్ 10 న గుడ్లు పెట్టిందనుకోండి. జూలై 10 కి 30 రోజులు, ఆగస్టు 9 కి 60 రోజులు. ఒక వారం ముందూ వెనకా కావచ్చు.

ఈ రెండు నెలలూ చెయ్యవలిసిన పని చాలా తక్కువ. వారానికి ఒకసారి మూత తీసి, గాలి మారనిచ్చి, ఒకసారి చూసి మళ్లీ మూస్తారు. మూతకింద పట్టిన నీటిచుక్కలు గుడ్లమీద పడకుండా తుడుస్తారు. మొదటి నెలలోనే గుడ్లకు సొట్టలు పడితే తడి చాలలేదన్నమాట. అప్పుడు వెచ్చని నీటిని డబ్బా అంచునుంచి మెల్లిగా పోస్తారు. గుడ్లమీద పొయ్యరు.

గుడ్డులో ప్రాణం ఉన్నదో లేదో ఎలా తెలుస్తుంది? వారం పది రోజుల తరవాత, చీకటిగదిలో చిన్న టార్చిలైటును గుడ్డు పక్కన ఆనిస్తారు. గుడ్డును ఎత్తరు, దీపాన్నే గుడ్డు దగ్గరకు తెస్తారు. ప్రాణం ఉన్న గుడ్డు లోపల గులాబిరంగు వెలుగులో ఎర్రని సన్నని నాళాలు, చెట్టుకొమ్మలలాగా, కనిపిస్తాయి. నాళాలు లేక, పసుపుపచ్చగా వెలిగేది గొడ్డుగుడ్డు. అయినా తొందరపడి పారెయ్యరు. గుడ్డు కుంగిపోయి, బూజుపట్టి, వాసన వచ్చినప్పుడు ఇక సందేహం లేదు. బతికున్న గుడ్డు పక్క గుడ్డు బూజును చాలావరకు తట్టుకోగలదు.

చివరి రెండు వారాలలో గుడ్లన్నీ సొట్టలు పడటం మొదలుపెడతాయి. ఇది చూసి కొత్తవారు కంగారుపడి నీళ్లు కుమ్మరిస్తారు. కాని ఇది చెడుగుర్తు కాదు. పిల్ల పెరిగి, గుడ్డులోని సరుకంతా వాడుకున్నదన్నమాట. ఒకే సొట్ట మొదట్లో పడితే అపాయం, చివర పడితే శుభం!

పెంకు చీలిన రోజు

కోడిపిల్ల ముక్కుచివర ఒక గట్టి మొటిమ ఉంటుంది. దానితో పెంకు పగలగొడుతుంది. పాముపిల్లకు అటువంటి మొటిమ కాదు, నిజమైన పన్నే ఉంటుంది. పైదవడ ముందుభాగాన ముందుకు పొడుచుకువచ్చిన ఈ గుడ్డుపన్నుతో పిల్ల తలను అటూ ఇటూ ఆడిస్తూ, పెంకును బ్లేడుతో కోసినట్టు రెండుమూడు చోట్ల కోస్తుంది. పని అయిపోయాక కొద్దిరోజులకే ఆ పన్ను ఊడిపోతుంది.

కోతలోనుంచి చిన్న ముక్కు, రెండు కళ్లు బయటికి వస్తాయి. మనిషి కనబడితే మళ్లీ లోపలికి పోతాయి. ఇలా ఒకరోజు, ఒక్కొక్కప్పుడు రెండు రోజులు, పిల్ల తల బయటపెట్టి ఒళ్లు లోపలే ఉంచుకుంటుంది. చూసేవారికి అయ్యో పాపం, ఇరుక్కుపోయిందేమో, లాగుదామా అనిపిస్తుంది. ఎంతమాత్రం లాగరాదు. అది ఇరుక్కోలేదు. మిగిలిన పచ్చసొనను బొడ్డుద్వారా కడుపులోకి తీసుకుంటున్నది. అదే దాని మొదటి పదిరోజుల చద్దిమూట. ఆ సమయంలో లాగితే సొనసంచి చిరిగి, నెత్తురు కారి, పిల్ల చనిపోతుంది. రెండు నెలలు జాగ్రత్తగా చూసినవారు చివరి రోజున దయ ఎక్కువై పిల్లను పోగొట్టుకోవటం కద్దు.

బయటికి వచ్చిన పిల్ల సుమారు 10 అంగుళాల పొడవు, పెన్సిలంత లావు ఉంటుంది. ప్రతి పిల్లనూ విడిగా చిన్న డబ్బాలో, నీటిగిన్నెతో ఉంచుతారు. వారం పదిరోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా ఆహారం అక్కరలేదు. తరవాత కళ్లు తెరవని చిట్టెలుకపిల్ల ఒకటి పెడతారు. పాములను, వాటి డబ్బాలను తాకినవారు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎందుచేతనంటే పాముల ఒంటిమీద మనుషులకు జబ్బుచేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు.

పొదిగేముందు వెయ్యవలిసిన లెక్క

15 గుడ్లు, 15 పిల్లలు. ఒక్కొక్కటి 15, 20 ఏళ్లు బతుకుతుంది. వీటన్నిటికీ ఇళ్లు ఎక్కడ? గుడ్లను పెట్టెలో పెట్టకముందే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. విసుగుపుట్టి అడవిలో వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా వారికి బాగా తెలుసు. ఆసియాఖండంనుంచి తెచ్చిన బర్మా కొండచిలువలు తప్పించుకునీ, యజమానులు వదిలెయ్యగానూ, అక్కడి ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడినేలల్లో చేరి, వేలకొద్దీ పెరిగాయి. అక్కడి చిన్న జంతువులు అనేకం తగ్గిపోయాయి. 2012 లో అమెరికా ప్రభుత్వం ఆ జాతిని దిగుమతి చెయ్యటం నిషేధించింది.

కొండచిలువ మాట వచ్చింది గనక ఒక విశేషం చెప్పాలి. పాముగుడ్లను ఎవరూ పొదగరన్న నియమానికి అది మినహాయింపు. ఆడకొండచిలువ గుడ్లచుట్టూ చుట్టుకుని, చలివేసినప్పుడు కండరాలు వణికించి వేడి పుట్టిస్తుంది. న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో ఒకదానిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు 1966 లో ఆ వివరాలు ప్రకటించారు. గాలి చల్లబడినకొద్దీ దాని వణుకు హెచ్చింది. దాని ఒళ్లు గాలికన్న దాదాపు 5 డిగ్రీలదాకా వేడిగా ఉన్నది. మన తూర్పుకనుమలలో ఉండే రాచనాగుది ఇంకొక పద్ధతి. ఆడపాము రాలిన ఆకులను ఒంటితో పోగుచేసి గూడు కట్టి, అందులో గుడ్లు పెట్టి కాపలా ఉంటుంది. కుళ్లే ఆకుల వేడే గుడ్లను పొదుగుతుంది.

మన ఇంటి దగ్గర గుడ్లు కనిపిస్తే

ఇది చదివి మీలో ఎవరైనా గడ్డివామి కింద కనిపించిన గుడ్లను తెచ్చి డబ్బాలో పెడదామనుకుంటున్నారేమో! వద్దు. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది చట్టం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపాములను పట్టటమే కాదు, వాటి గుడ్లను పాడుచెయ్యటం, కదిలించటం కూడా నేరమే.

రెండవది ప్రాణభయం. గుడ్డు చూసి అది జెర్రిపోతుదో, నాగుపాముదో చెప్పటం మీకూ నాకూ సాధ్యం కాదు. జెర్రిపోతుకు విషం లేదు. నాగుపాము పిల్ల గుడ్డులోనుంచి తల బయటపెట్టిన నాడే దాని కోరల్లో విషం ఉంటుంది. పైగా నాగుపాము ఆడది చాలాసార్లు గుడ్ల దగ్గరే ఉంటుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. వారిలో చాలామంది పల్లెలవారే.

అంచేత గుడ్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, కర్రతో పొడవకండి, వాటిని పగలగొట్టమని ఎవరినీ ప్రోత్సహించకండి. దూరంగా జరిగి, చోటు గుర్తుపెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. వారు అటవీశాఖవారికి కబురుచేస్తారు. శిక్షణ పొందినవారు వచ్చి చెయ్యవలిసింది చేస్తారు. పొలంలో ఎలుకలను తినే జెర్రిపోతు గుడ్లే అయితే, రైతుకు అవి బతకటమే లాభం.

గుడ్డు విషయం స్వయంగా చూడాలని ఉన్నదా? మీ అమ్మ అట్టు వెయ్యటానికి కోడిగుడ్డు పగలగొట్టేటప్పుడు పళ్లెం పట్టుకుని నిలబడండి. పచ్చసొనకు రెండుపక్కలా ఉండే ఆ తెల్లని తాళ్లను వెతికి చూడండి. అవి ఉన్నందువల్లనే కోడిగుడ్డు దొర్లినా చెడదు. అవి లేనందువల్లనే పాముగుడ్డుకు పైన పెన్సిలుగీత కావలిసివచ్చింది.